వాటిల్ చెట్టు బోన్సాయ్‌కి పనికిరాదనడం సరికాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో బోన్సాయ్ పెంపకం (కుండీలో చెట్టును పొట్టిగా పెంచడం) మీద వచ్చిన వ్యాసం మెల్‌బోర్న్‌లో ఉన్న మేం చదివాం. మర్రి, జేడ్, చైనీస్ ఎల్మ్ గురించి రాసిన వివరాలతో మాకు పేచీ లేదు. విదేశాల్లోని తెలుగువారి కోసమంటూ చివర్లో ఇచ్చిన సూచనల్లో మాత్రం ఆస్ట్రేలియా వాటిల్ చెట్ల గురించి రెండు మాటలు రాశారు. అవి పదేళ్లకు మించి బతకవు కాబట్టి బోన్సాయ్‌కి పనికిరావన్నది ఒకటి, పెంచితే గించితే చలికాలం చివర మట్టి మార్చాలన్నది రెండోది. మొదటి మాట సగమే నిజం. రెండోది నమ్మి పాటిస్తే మొక్క చచ్చిపోవచ్చు. మెల్‌బోర్న్, సిడ్నీ, బ్రిస్బేన్‌లలో బాల్కనీ కుండీల్లో బోన్సాయ్ మొదలుపెట్టిన తెలుగు కుటుంబాలు మీ పత్రికను ఆన్‌లైన్‌లో చదువుతున్నాయి కనుక వివరంగా రాయక తప్పలేదు.

వాటిల్ అంటే ఒక చెట్టు కాదు. అకేసియా ప్రజాతిలో ఒక్క ఆస్ట్రేలియాలోనే దాదాపు వెయ్యి జాతులున్నాయి. మన నల్ల తుమ్మ, తెల్ల తుమ్మ, సండ్ర కూడా మొన్నమొన్నటి దాకా అకేసియాలే. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ ఆ పేరును ఆస్ట్రేలియా చెట్లకే ఉంచాలని తీర్మానించింది, 2011లో మెల్‌బోర్న్ సభ దాన్నే ఖాయం చేసింది. అప్పటి నుంచి నల్ల తుమ్మ వాచెల్లియా అయింది, సండ్ర సెనెగాలియా అయింది. పేర్లు మారినా చుట్టరికం పోలేదు. పసుపు బంతుల్లాంటి పూలు, దెబ్బ తగిలితే కారే బంక, గట్టి గింజ, గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకిచ్చే వేళ్ల మీది బుడిపెలు రెండు వైపులా ఉంటాయి.

వీటిలో పదిహేనేళ్లకే ముసలివై పోయే జాతులు చాలా ఉన్న మాట వాస్తవం. బూడిద రంగు ఈకల్లాంటి ఆకులతో వీధుల్లో కనిపించే కూటముండ్రా వాటిల్ అలాంటిదే. కానీ బ్లాక్‌వుడ్‌ను తీసుకోండి. క్వీన్స్‌లాండ్ నుంచి టాస్మేనియా దాకా పెరిగే ఈ చెట్టు కలపతో బల్లలు, బీరువాలు చేస్తారు. వందేళ్లు దాటిన బ్లాక్‌వుడ్ మానులు అడవుల్లో ఉన్నాయి. అన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్లే వాటిల్‌కు చెడ్డపేరు వచ్చింది.

బోన్సాయ్‌కి ఏ జాతి తీసుకోవాలన్నదే అన్నిటికన్నా ముఖ్యం. కొత్తవారికి మేం మొదట చెప్పేది స్టికీ వాటిల్, అంటే అకేసియా హోవిట్టి. విక్టోరియాలోని దక్షిణ గిప్స్‌లాండ్ దీని సొంత ఊరు. అడవిలో అరుదు, నర్సరీల్లో మాత్రం తేలిగ్గా దొరుకుతుంది. ఆకు ఒకటి నుంచి రెండున్నర సెంటీమీటర్లే. కంచె మొక్కగా ఏటా కత్తిరింపు పడినా తట్టుకుని గుబురుగా చిగురిస్తుంది. దాని తరువాత ఓవెన్స్ వాటిల్. ముక్కోణపు ఆకు సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది, కొమ్మలు సహజంగానే కిందికి వాలతాయి. బ్రిస్బేన్, సిడ్నీల్లో ఉన్నవారికి అక్కడి గడ్డ మీదే పుట్టిన ఫ్రింజ్డ్ వాటిల్ నయం. బ్లాక్‌వుడ్ ఆకు పది సెంటీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి చిన్న కుండీలో ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. అరవై సెంటీమీటర్లకు పైబడిన పెద్ద బోన్సాయ్ చేసే ఓపిక ఉన్నవారికే అది.

1988లో జాతీయ పుష్పంగా ప్రకటించిన గోల్డెన్ వాటిల్ మీద అందరికీ మోజు ఉంటుంది. సెప్టెంబరు 1న వాటిల్ దినం వస్తే నర్సరీల్లో జనం దాన్నే అడుగుతారు. బోన్సాయ్‌కి మాత్రం మేం దాన్ని సిఫారసు చేయం. ఆకు పొడుగు, కొమ్మలు పలుచన, పైగా కంతులు (రెమ్మల మీద లేచే గడ్డలు) ఎక్కువగా పట్టే జాతి. కూటముండ్రా వాటిల్ అందంగానే ఉంటుంది కానీ న్యూసౌత్‌వేల్స్‌లోని తన సొంత ప్రాంతం దాటితే అది కలుపు చెట్టు. కుండీలో పెంచినా కాయలు ముదరక ముందే తుంచి చెత్తబుట్టలో వేయాలి.

ఇంటర్‌లో బైపీసీ చదివినవారికి ఆస్ట్రేలియా అకేసియా గుర్తుండే ఉంటుంది. అసలు ఆకు చిన్నప్పుడే పోయి, ఆకు కాడే వెడల్పై, పచ్చబడి, ఆకు పని చేస్తుందని పాఠంలో ఉంటుంది. స్టికీ వాటిల్, బ్లాక్‌వుడ్, గోల్డెన్ వాటిల్ అన్నీ ఆ కోవలోవే. గింజ మొలిచినప్పుడు తుమ్మాకులాంటి ఈకల ఆకులు వస్తాయి, కొన్ని వారాలకు ఆ ఈకల కింద కాడ వెడల్పవుతూ కనిపిస్తుంది, తరువాత ఈకలు మానేసి కాడలే వస్తాయి. బోన్సాయ్ వాళ్లకు ఇది తెలియడం అవసరం, ఎందుకంటే బ్లాక్‌వుడ్‌ను గట్టిగా కత్తిరిస్తే మళ్లీ చిన్ననాటి ఈకల ఆకులు వేస్తుంది. అది తెగులు కాదు. వాటిని పీకేయకుండా వదిలితే ఆ కొమ్మ కొంతకాలానికి తనంతట తనే మామూలు ఆకుల్లోకి వస్తుంది.

గింజ నుంచి మొదలుపెట్టేవారికి వేడినీళ్ల పద్ధతి చాలు. నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి ఒక నిమిషం ఆగి, గింజలకు పదింతల నీళ్లు పోసి తెల్లారేదాకా వదిలేయాలి. పైపొర మెత్తబడిన గింజలు ఉబ్బి రెట్టింపవుతాయి. ఉబ్బినవి ఏరి విత్తి, మిగతావాటికి మళ్లీ వేడినీళ్లు పోయాలి. పొయ్యి మీద గింజలను ఉడికిస్తే లోపలి మొలక చస్తుంది. అర సెంటీమీటరు లోతున, సెప్టెంబరు నుంచి నవంబరు లోపు విత్తితే ఒకటి నుంచి మూడు వారాల్లో మొలుస్తాయి. ఆరోగ్యంగా ఉన్న వాటిల్ చెట్టు కింది మన్ను ఒక చెంచాడు, స్థలం వాళ్లను అడిగి తెచ్చి, విత్తే మట్టిలో కలిపితే వేరుబుడిపెలు కట్టే బ్యాక్టీరియా అందులోంచే అందుతుంది. ఎండుతున్న చెట్టు కింది మన్ను మాత్రం వద్దు, వేరుకుళ్లు వెంట వస్తుంది.

అంత తీరిక లేనివారు దేశవాళీ మొక్కల నర్సరీలో ట్యూబ్ మొక్క (సన్నటి చిన్న కుండీలోని లేత మొక్క) కొనుక్కోవచ్చు. అరచేయంత ఎత్తున్నది చాలు. ఎత్తు చూసి మోసపోవద్దు. ట్యూబ్ అడుగు తిప్పి చూడండి. తెల్లటి వేళ్లు రెండు మూడు కనిపిస్తే మంచిది, గోధుమ రంగు వేళ్లు చాపలా అల్లుకుని ఉంటే ఆ మొక్క అక్కడ ఎక్కువకాలం ఉండిపోయిందన్నమాట. లోపల తల్లివేరు చుట్ట చుట్టుకుని ఉంటుంది. చుట్ట అలాగే ఉంచి నాటితే మూడు నాలుగేళ్ల తరువాత, మాను లావయ్యేటప్పుడు, ఆ వేరే మొదలును బిగించి చంపుతుంది. కాబట్టి మొదటి మార్పిడిలోనే చుట్ట తిరిగిన అడుగు భాగాన్ని కోసేసి, మిగిలిన వేళ్లను నలువైపులా పరవాలి. అడవిలోంచి తవ్వి తెచ్చే ఆలోచన మానుకోండి. నేషనల్ పార్కుల్లో అది నేరం, ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి కావాలి, పైగా వేళ్లు తెగిన పెద్ద వాటిల్ బతకడం అరుదు.

మట్టి విషయంలో పెద్ద రహస్యమేమీ లేదు. మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల స్కోరియా (అగ్నిపర్వతపు బొరియల రాయి) గానీ డయాటమైట్ (నీళ్లు పీల్చుకునే తేలిక రాతి పలుకులు) గానీ రెండు పాళ్లు, జల్లించిన పైన్ బెరడు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు. దుమ్ము జల్లించి పారేయాలి. కుండీ మరీ పళ్లెంలా లోతు లేకుండా ఉండకూడదు. మొదటి ఏళ్లలో ఎనిమిది సెంటీమీటర్ల లోతు, చెట్టు కుదిరాక ఆరు.

ఎరువు దగ్గరే మనవాళ్లు ఎక్కువ మొక్కలు పోగొట్టుకుంటున్నారు. ఊళ్లో డీఏపీ చల్లిన చేయి, గులాబీకి ఎముకల పొడి వేసిన చేయి ఇక్కడా ఊరుకోదు. డీఏపీలో ఫాస్ఫేటు 46 శాతం. ఆస్ట్రేలియా నేలల్లో భాస్వరం ఎప్పటినుంచో తక్కువ కాబట్టి ఇక్కడి చెట్లు ఉన్న కాస్తనూ పీల్చుకునేలా తయారయ్యాయి. కాస్త ఎక్కువ అందినా వద్దనే శక్తి చాలా జాతులకు లేదు. లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కుతాయి, ముదురు ఆకుల అంచులు మాడతాయి. అది చూసి ఆకలేమోనని ఇంకాస్త ఎరువు వేస్తే కథ ముగిసినట్టే. నేటివ్ మొక్కలకని అమ్మే, భాస్వరం 1 శాతం దాటని, నెమ్మదిగా కరిగే గుళికలు ప్యాకెట్ మీద రాసిన మోతాదులో సగం వేస్తే చాలు. నత్రజని ఎలాగూ బుడిపెలు తెచ్చిపెడతాయి.

ఆ బుడిపెల గురించి ఒక జాగ్రత్త. మట్టి మార్చేటప్పుడు వేళ్ల మీద జొన్నగింజంత గడ్డలు చూసి, వేళ్లను పాడుచేసే నులిపురుగులనుకుని వేళ్లన్నీ కత్తిరించేవారున్నారు. గోటితో తాకితే ఊడివచ్చి, చిదిమితే లోపల గులాబీ రంగు ఉంటే అవి మంచి బుడిపెలు. వేరే ఉబ్బి, గడ్డ వేరులో భాగంలా ఊడకుండా ఉంటే అప్పుడు నులిపురుగుల సంగతి అనుమానించాలి.

ఇక మట్టి మార్పిడి. ఎల్మ్, మేపుల్ వంటివి చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతాయి, మేలుకునే ముందు వేళ్లు కత్తిరిస్తే చిగురుతోపాటు కొత్త వేళ్లూ వస్తాయి. వాటిల్ ఎప్పుడూ ఆకుతోనే ఉంటుంది. ఇక్కడ చలికాలం చివర, అంటే ఆగస్టులో, అది నిద్రలో ఉండదు, ఉన్న శక్తినంతా పూత మీద పెట్టి ఉంటుంది. నేల చల్లగా ఉండటంతో తెగిన వేరు మానదు, కొత్త వేరు రాదు, పైన ఆకు మాత్రం నీళ్లు అడుగుతూనే ఉంటుంది. మూడు వారాలు బాగానే కనిపించి నాలుగో వారంలో ఒక్కసారిగా ఎండిపోయే మొక్కల్లో ఎక్కువ భాగం ఇలా పోయినవే. పూత అయిపోయి, రాత్రి ఉష్ణోగ్రత 12 డిగ్రీలకు దిగని రోజులు వచ్చాక, అంటే మెల్‌బోర్న్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో మార్చాలి. వచ్చే వారంలో 35 డిగ్రీలు దాటుతుందని వాతావరణ సూచన ఉంటే వాయిదా వేయాలి.

వేళ్లలో మూడో వంతుకు మించి తీయకూడదు. మన్నంతా కడిగేసి వేళ్లను నగ్నంగా చేయడం జూనిపర్‌కే ప్రమాదం, వాటిల్‌కు అయితే చెప్పనక్కరలేదు. మొదలు చుట్టూ పిడికెడు పాత మన్ను కదలకుండా ఉంచి, అంచులూ అడుగూ మాత్రమే విప్పాలి. ఈసారి ఒక పక్క పాత మట్టి తీస్తే వచ్చేసారి రెండో పక్క. వేళ్లు విప్పి ఉన్నంతసేపు నీళ్లు చిలకరిస్తూ ఉండాలి, వాటిల్ పీచువేళ్లు ఎండలో అయిదు నిమిషాలకే చస్తాయి. కుండీలో నాటాక తీగతో బిగించి కదలకుండా చేయాలి, ఎందుకంటే గాలికి ఊగే మొక్కకు కొత్త వేరు పట్టదు. నాలుగు వారాలు పలచటి నీడ, ఆరు వారాలు ఎరువు లేదు. చిన్న మొక్కలకు ఏటా, కుదిరిన చెట్లకు రెండు మూడేళ్లకోసారి మార్చాలి. ఇది వాయిదా వేస్తే నీళ్లు పోసినా లోపలికి దిగని గట్టి వేరుముద్ద తయారవుతుంది. అల్పాయుష్షు జాతులు కుండీలో తొందరగా ముసలివై పోవడానికి అదొక పెద్ద కారణం. క్రమం తప్పక వేళ్లు పలచన చేసిన చెట్టు కొత్త వేరుతో కొత్త చిగురు వేస్తూనే ఉంటుంది.

కత్తిరింపులో ఒకటే నియమం, దానికి మినహాయింపు లేదనే అనుకోండి. ఏ కొమ్మకైనా కొంత పచ్చదనం మిగలాలి. మర్రి, రావి జాతుల్లో మోడు చేసిన కొమ్మ మళ్లీ చిగురిస్తుంది. వాటిల్‌లో ఆకు లేని ముదురు కొమ్మను కొమ్మతో సహా చెట్టు వదిలేస్తుంది. ఎక్కడ కత్తిరించాలన్నా ముందు అక్కడ ఒక చిన్న పక్క చిగురు ఉందో లేదో చూసుకుని, దానికి కొద్దిగా పైన కోయాలి. చిగురు లేకపోతే ముందు చివరలు తుంచి, ఎండ తగిలేలా చేసి, లోపల చిగురు వచ్చేదాకా ఆగాలి. మాను పొట్టి చేయాలన్నా అంతే. కింది కొమ్మలను బలంగా పెరగనిచ్చి, మొదటి ఏడు పైభాగం సగం, మరుసటి ఏడు మిగతాది. వేళ్లు, కొమ్మలు ఒకే రోజు గట్టిగా కత్తిరించవద్దు.

పూలు కావాలంటే కాలం చూసుకోవాలి. స్టికీ వాటిల్ సెప్టెంబరు, అక్టోబరుల్లో పూస్తుంది. పూత వాడగానే, కాయ కట్టక ముందే, పూసిన రెమ్మలను సగానికి కోసేయాలి. అప్పుడు వచ్చే కొత్త రెమ్మల మీదే వేసవి చివర్లో మరుసటి ఏటి మొగ్గలు పడతాయి. జనవరి దాటాక చివరలు తుంచితే ఆ మొగ్గలే పోతాయి. ఆకారం చక్కగా ఉందని ఏప్రిల్‌లో చెట్టంతా గుండ్రంగా గీసి, ఏళ్ల తరబడి పూత రాలేదని బాధపడేవారికి కారణం ఇదే. బోన్సాయ్ చేసినా పువ్వు చిన్నదవదు కాబట్టి గులాబీ, మందారాల్లో చెట్టుకంటే పువ్వే పెద్దదైపోతుంది. వాటిల్ పూబంతి ముందే సెంటీమీటరులోపు ఉంటుంది. అడుగెత్తు చెట్టు నిండా అవి విచ్చుకుంటే పొలం గట్టు మీది పెద్ద చెట్టుకు, దీనికి పోలికలో తేడా ఉండదు. వాటిల్‌ను బోన్సాయ్‌కి ఎంచుకోవడానికి మా దృష్టిలో ఇంతకంటే మంచి కారణం లేదు.

తీగ చుట్టేది పచ్చగా, వంగే వయసులో ఉన్న రెమ్మలకే. అల్యూమినియం తీగ కొమ్మ లావులో మూడో వంతు ఉంటే సరిపోతుంది. వంచేటప్పుడు రెండో చేతి బొటనవేలు కొమ్మ చీలే చోట ఆనించి పట్టుకోవాలి, వాటిల్ అక్కడే ఫట్‌మని చీలుతుంది. బెరడు పలుచన, వేసవిలో లావయ్యే వేగం ఎక్కువ. అందుకని మూడో వారం నుంచి వారం వారం చూసి, తీగ నొక్కుకుపోతున్న చోట విప్పకుండా ముక్కలుగా కత్తిరించి తీసేయాలి. ముదిరిన కొమ్మను తీగతో వంచే ప్రయత్నం వద్దు. తాడుతో కుండీ అంచుకు కట్టి నెలకు కొంచెం చొప్పున లాగవచ్చు, లేదా పక్క చిగురుకు కోసి దిశ మార్చవచ్చు. పెద్ద గాయాలు నెమ్మదిగా మానతాయి, బంక కారుతుంది, తొలుచు పురుగు అక్కడ చేరవచ్చు. వద్దనుకున్న కొమ్మను పెన్సిలంత లావు కాకముందే తీసేసి, గాయం మీద పేస్టు రాయాలి.

నీళ్ల విషయానికి వస్తే, కాడలే ఆకులైన జాతులు దాహాన్ని ఆలస్యంగా చెబుతాయి. మెరుపు తగ్గి ఆకు వాలిందంటే అప్పటికే వేరు ఎండింది. మట్టిలో వేలు పెట్టి చూడాలే తప్ప ఆకును చూసి పోయకూడదు. నలభై డిగ్రీల రోజున, ఉత్తరపు వేడిగాలి వీచేటప్పుడు పొద్దున, సాయంత్రం రెండుసార్లు పోసి, కుండీకి ఎండ తగలకుండా గోనె కప్పాలి. ఇంటి నుంచి వచ్చిన అలవాటుతో దక్షిణపు బాల్కనీలో పెట్టవద్దు, ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు తిరుగుతాడు, దక్షిణాన నీడే. రోజుకు అయిదారు గంటల ఎండ లేకపోతే వాటిల్ సన్నగా సాగి పూయడం మానేస్తుంది. కుండీని నీళ్ల పళ్లెంలో నిలబెట్టడమూ తప్పే.

పురుగుల్లో తొలుచు పురుగే అసలు శత్రువు. మాను మీద రంపపు పొట్టులాంటిది గూడుతో అంటుకుని కనిపిస్తే దాన్ని తుడిచి, కింద ఉన్న రంధ్రంలోకి సన్న తీగ దూర్చి పురుగును చంపాలి. గోధుమరంగు కంతులు తుప్పు తెగులు వల్లా, పచ్చటి కంతులు చిన్న కందిరీగల వల్లా వస్తాయి. రెండింటికీ మందు వెతకకుండా ఆ రెమ్మను కోసి పారేయడమే దారి. చీమలు పాకుతూ, ఆకుల మీద మసి ఉంటే పొలుసు పురుగు ఉన్నట్టు. తెల్లటి దూదిమూటలా కనిపించే పొలుసు పురుగు ఆస్ట్రేలియాదే. 19వ శతాబ్దంలో అది కాలిఫోర్నియా చేరి నారింజ తోటలను తుడిచిపెట్టబోతే, 1888లో ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన అక్షింతల పురుగులు ఆ తోటలను కాపాడాయి. ఆ అక్షింతల పురుగులు మీ బాల్కనీకీ వస్తాయి. ఘాటు మందు కొట్టి వాటిని చంపుకోకుండా, సబ్బునీళ్లతో బ్రష్ చేసి కడిగితే చాలు.

సెలవులకు ఊరెళ్లేవారు వాటిల్ గింజలను సూట్‌కేసులో తీసుకెళ్లడం గురించి కూడా చెప్పాలి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలు భారతదేశంలోకి తేకూడదు. నీలగిరులు, కొడైకెనాల్ గడ్డిమైదానాలను బ్లాక్ వాటిల్ ఎలా ఆక్రమించిందో చూసినవారికి ఈ నిబంధన ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవారికి నల్ల తుమ్మ ఉండనే ఉంది. గింజలకు పైన చెప్పిన వేడినీళ్ల పద్ధతే, లేదా గొర్రెలదొడ్డి ఎరువులో ఏరుకున్న గింజలు అసలు నానబెట్టకుండానే బాగా మొలుస్తాయి. తల్లివేరు జోరుగా దిగుతుంది కాబట్టి మొదటి ఏడే కోయాలి. మట్టి మార్పిడి జూన్, జూలైల్లో తొలకరి పడ్డాక. కొమ్మలు నరికినా చిగురించే గుణం వాటిల్ కంటే తుమ్మకు ఎక్కువ, ముళ్లకు మాత్రం తోలు చేతితొడుగులు కావాలి.

మీ వ్యాసంలోని నెలవారీ పట్టికను మళ్లీ అచ్చు వేసేటప్పుడు ఒక్క వరుస చేర్చమని మనవి: ఆస్ట్రేలియా దేశవాళీ చెట్లకు మట్టి మార్పిడి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, ఆగస్టులో కాదు. ఈ ఆగస్టు రాకముందే అది పాఠకులకు చేరితే కొన్ని మొక్కలైనా దక్కుతాయి.

ఇట్లు,
మెల్‌బోర్న్ నుంచి కొందరు పాఠకులు